ముప్పై ఏడేసి చొప్పున

తొంభైల చివర్లో సీలేరుకు పైనున్న ఒక కొండ ఊళ్లో విద్యా వాలంటీరుగా చేరాను. ఇంటర్ పాసై ఏడాదైంది. పంతొమ్మిదేళ్లు. మాది రాజవొమ్మంగి. సీలేరు కాలనీలో గది అద్దెకు తీసుకుని, రోజూ గంటన్నర కొండ ఎక్కి బడికి వెళ్లేదాన్ని. నాలుగు తరగతులకూ కలిపి ఒకటే రేకుల షెడ్డు, ఒకటే బోర్డు, నేనొక్కతినే టీచర్ని.

ఒక వానరోజు రేకుల మీద చప్పుడుకి నా పాఠం నాకే వినబడలేదు. పిల్లలు గోల మొదలుపెట్టారు. వాళ్లని కాసేపు కుదురుగా కూర్చోబెట్టాలని లెక్క ఇచ్చాను. రెండేసి, ఐదేసి, పదేసి లెక్కపెట్టడం వాళ్లకు నోటికి వచ్చు. అందుకని ఎవరికీ కొరుకుడు పడని అంకె వెతికి ముప్పై ఏడు తీసుకున్నాను. ముప్పై ఏడేసి కలుపుకుంటూ వెయ్యి దాకా రాయమన్నాను. దారి చూపడానికి మొదటి ఎనిమిదీ నేనే బోర్డు మీద వేశాను: 37, 74, 111, 148, 185, 222, 259, 286.

మూడో తరగతిలో పదేళ్ల పిల్ల ఒకతి ఉండేది. ఇంట్లో వాళ్ల కొండ భాషే. తెలుగు అర్థమయ్యేది గానీ బళ్లో నోరు విప్పేది కాదు. ఆమె పలక దగ్గర ఆగిపోయాను. అందరూ నా ఎనిమిదీ ఉన్నవున్నట్టు ఎక్కించుకున్నారు. ఆమె మాత్రం 286 ఉన్నచోట 296 రాసింది. బోర్డు చూసి రాయడం కూడా రాదా అన్నాను.

"నువ్వు రాసిందే తప్పు టీచరమ్మా. దాని తరవాత మూడు మూళ్లు రావాల," అంది.

మూడు మూళ్లేమిటో నాకు బోధపడలేదు. పిల్లలందరూ నా మొహమే చూస్తున్నారు. చెయ్యి చాపమని బెత్తంతో రెండు దెబ్బలు వేశాను. ఏడవలేదు. పలక గోడకు ఆనించి, ఆ వానలోనే వెళ్లిపోయింది.

రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు సాయంత్రం బడి వదిలాక వాళ్లింటికి వెళ్లాను. అప్పటికీ నేను వెళ్లింది గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టడానికే.

వాకిట్లో వాళ్లమ్మ సోళ్లు, అంటే రాగులు, చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, అరుగు వైపు చెయ్యి చూపించింది. ఎర్రమట్టితో అలికిన గోడ నిండా సుద్దముక్కతో అంకెలు. వరసకు మూడు చొప్పున, కిందికి తొమ్మిది వరసలు. ప్రతి వరస చివరా ఒక్కలాంటి అంకెలే: 111, 222, 333, 444. అలా 999 దాకా.

గోడ దగ్గర కూర్చుని వేలు పెట్టి కూడి చూశాను. తొమ్మిదీ ఏడూ పదహారు, ఆరు వేసి ఒకటి పైకి. ఆ ఒకటి నేను మరిచిపోయాను. 296. ఆ పిల్ల కలిపి చూసి చెప్పలేదు, వరస చూసి చెప్పింది. కింది వరసలోని ఏ అంకెను చూసినా పైదానికంటే సరిగ్గా నూట పదకొండు ఎక్కువ. పన్నెండేళ్లు లెక్కలు చదివినదాన్ని, నాకు ఒక్కనాడూ ఇలాంటిది కనబడలేదు.

అవి దెయ్యం గీతలేమోనని వాళ్ల నానమ్మ భయపడిందట. అలికేస్తానంటే టీచరమ్మ వచ్చి చూసేదాకా ఆగమని వాళ్లమ్మే అడ్డుకుందట. పిల్ల తలుపు వెనకే ఉంది. లోపలికి వినబడేలా, తప్పు నాదేనని, ఊరికే కొట్టానని చెప్పాను. వాళ్లమ్మ నా వైపు వింతగా చూసింది.

"టీచరుకీ తప్పొస్తదేటి?" అంది.

వస్తుందని తల ఊపాను.

మర్నాడు పిల్లలందరి ముందూ 286 చెరిపి 296 వేశాను. ఎవరు సరిగ్గా రాశారో, ఎవరు దెబ్బలు తిన్నారో కూడా చెప్పాను. ఆ మర్నాడు ఆమె వచ్చింది. కానీ ఆ వానాకాలమంతా నాకు పలక చూపించలేదు. నేను దగ్గరికి వెళ్తే బోర్లించేసేది. అడిగే మొహం నాకు లేకపోయింది.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తనే నా దగ్గరికి వచ్చింది.

"నలభై ఒకటీ అలాగే ఉంటదా?"

తెలియదన్నాను. టీచరు ఆ మాట అంటుందని అనుకోలేదేమో, నా మొహంలోకి చూసింది. తర్వాత నా పక్కన కూర్చుని పలక మీద మొదలుపెట్టింది. 41, 82, 123. 164, 205, 246. 287, 328, 369. ఈసారి పలక నా వైపు తిప్పింది. ఒక్కలాంటి అంకెలు రాలేదు గానీ, వరసల చివర నూట ఇరవై మూడేసి పెరుగుతున్నాయని ఇద్దరం చూశాం.

ఐదో తరగతికి ఆమెను ఆశ్రమ పాఠశాలలో చేర్చారు. ఆ ఏడే నేను టీచరు ట్రైనింగుకి కొండ దిగాను. పదో తరగతి పాసైందని చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెప్పారు.