కట్టుడు పన్ను ఏ గడిలోకి వస్తుంది

గురజాల నుంచి ఆటోలో అరగంట పోతే వచ్చే ఆ ఊళ్లో వెంకమ్మ నోటికి ఎదురు నిలిచినవాళ్లు లేరు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఆ నోట్లో పైవరసన, నడిమధ్యన మెరిసే పన్ను ఆమె సొంతం కాదన్న సంగతి మాత్రం ఇద్దరికే తెలుసు. ఒకరు వెంకమ్మ, రెండోవారు ఆమెతో పనిచేసే హలీమా. మూడేళ్ల కిందట అసలు పన్ను ఊడిపోయినప్పుడు, కోటప్పకొండకు మొక్కుందని ఊరంతా చెప్పి, హలీమాను వెంటబెట్టుకుని నరసరావుపేట పోయి, తీగ కొక్కెంతో పట్టి ఉండే కట్టుడు పన్ను పెట్టించుకుని వచ్చింది. చెప్పిన మాట అబద్ధం కాకూడదని తిరిగొచ్చేటప్పుడు కొండ కూడా ఎక్కింది. అదీ వెంకమ్మ.

చదువు రెండో తరగతి, అదీ సగమే. అయినా వేలిముద్ర వెయ్యమన్నవాణ్ణి ఎగాదిగా చూస్తుంది. పొదుపు సంఘంలో నేర్చుకున్న సంతకం ఉంది ఆమెకు, కాస్త వంకరైనా.

మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల ముఠాకు ఇరవై ఏళ్లుగా ఆమే మేస్త్రి. వ్యాపారి కాయలు తెచ్చి ఆమె ఇంటి ముందు పరిచిన టార్పాలిన్ పట్టాల మీద దింపుతాడు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని తొడిమ తుంచి, మేలు కాయ ఒక పక్కకు, తాలు కాయ ఒక పక్కకు వేస్తారు. మచ్చపడి రంగు పోయిన కాయ తాలు. మచ్చ వేలిగోరంత ఉంటే మేలులోకే పోతుంది, గోరు దాటితే తాలులోకి. ఎవరైనా "కొంచెమే గదా పెద్దమ్మా" అన్నారో, "కొంచెమంటే ఎంత?" అని అడుగుతుంది. కొలత చెప్పలేని మాటంటే ఆమెకు మొదటినుంచీ గిట్టదు.

పక్కింటి గోపి నాపరాళ్ల క్వారీలో ట్రాక్టరు నడుపుతాడు. ఇంటి వెనక గది వేసుకుంటున్నాడు. ఒకనాడు పొద్దున రాళ్ల లోడుతో వచ్చి, కాయలు ఎండుతున్న చోటికే ట్రాలీని వెనక్కి పోనిచ్చాడు. ఆ జాగా పంచాయతీది. వెంకమ్మదీ కాదు, గోపిదీ కాదు కాబట్టి ఇద్దరూ మాదంటే మాదన్నారు. వెంకమ్మ గోపి తాత దగ్గర మొదలుపెట్టి, గోపి స్టీరింగు తిప్పే తీరు దాకా ఒక్కటీ వదలకుండా తిట్టిపోసింది. గోపికి రోషం వచ్చి పట్టా కొస పట్టి లాగాడు. ఆమె రెండో కొస వదల్లేదు. అతను భుజం మీద చెయ్యివేసి ఒక్క నెట్టు నెట్టాడు. ఆమె మూతి ట్రాలీ అంచుకు కొట్టుకుంది. మనిషి వెళ్లి కాయల రాశి మీద పడింది.

లేచేసరికి కింది పెదవి చిట్లి రక్తం కారుతోంది. ముందు పన్ను లేదు.

పనిలో ఉన్న పదకొండు మంది ఆడవాళ్లూ అది చూశారు. గోపి వెంకమ్మ పన్ను ఊడగొట్టాడన్న మాట ఆమె కూర్చుని మంచినీళ్లు తాగేలోపే బజారు ఆ చివరకు పోయింది. ఆడవాళ్లంతా రాశిలో చేతులు పెట్టి పన్ను వెతకసాగారు. వద్దని కేకలు వెయ్యాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే సందు కనపడుతుంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి వెంకమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఊరికే కూర్చుంది. కాసేపటికి హలీమా పిడికిలి మూసుకుని లేచి, ఇక్కడ లేదు, ఏ మట్టిలోనో కలిసిపోయి ఉంటుందని తేల్చేసింది. ఆరోగ్య కేంద్రంలో నర్సు పెదవికి రెండు కుట్లు వేసింది. పన్ను గురించి ఆమె అడగలేదు, వెంకమ్మ చెప్పలేదు.

గోపి మీద అర్జీ పెట్టాలనుకుంది. ఊళ్లో అర్జీలు రాసేది వెంకట్రామయ్య. గ్రామ కచేరీలో చానా ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మన వైపు అర్జీ అంటే జరిగినదానికన్నా రెండు మెట్లు ఎక్కువ రాయాలన్నది అలవాటు. జరిగింది జరిగినట్టు రాస్తే చేతగానివాడనుకుంటారు. వెంకట్రామయ్య కళ్లజోడు సర్దుకుని, గోపితోపాటు ఇంకెవరున్నారని అడిగాడు. ఎవరూ లేరంది. తమ్ముడు, బావమరిది, ఇంకో ఇద్దరు స్నేహితులు, ఎవరో ఒకరి పేర్లు చెప్పమన్నాడు. ఐదుగురైతే అది మామూలు కొట్లాట కాదట, చట్టం దాన్ని అల్లరి మూక అంటుందట.

"నలుగురైతే?"

"నలుగురైతే కాదమ్మా. చట్టంలో ఐదని ఉంది."

"ఆ ఐదోవాడికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నయ్యా?"

లేని మనుషుల్ని తన నోటితో తెచ్చి నిలబెట్టనని వెంకమ్మ తెగేసి చెప్పింది. పోనీలే అన్నాడాయన. పన్ను ఊడింది కాబట్టి కేసు దానంతటదే బలపడుతుందనీ, పన్ను ఊడితే గ్రీవస్ కిందికి వస్తుందనీ, ఏడేళ్ల దాకా పడొచ్చనీ చెప్పి రాయడం మొదలుపెట్టాడు. లేని నలుగురికి ఒప్పుకోని వెంకమ్మ, లేని పన్ను దగ్గర నోరు మెదపలేదు.

సాయంత్రం గోపి పెళ్లాం నాగలక్ష్మి వచ్చి గడప బయట నిలబడింది. బతిమాలే రకం కాదు. గోపికి ఒక స్కూలు బస్సు డ్రైవరుగా పని కుదిరిందనీ, సోమవారం చేరాలనీ, కేసులేమీ లేవని స్టేషన్ నుంచి కాగితం తెమ్మన్నారనీ చెప్పింది. చేసింది తప్పే, చేసినదానికి పడాల్సిందేనంది. ఆమె చేతులకు మోచేతుల దాకా దుమ్ము.

"పన్ను దొరికితే డాక్టరు మళ్లీ పెడతాడేమోనని ఇంటి ముందు మట్టంతా జల్లెడ పట్టాను పెద్దమ్మా. దొరకలేదు."

పొయ్యి మీద అన్నం మాడుతోందని వెంకమ్మ లోపలికి పోయింది. పొయ్యి అప్పటికి వెలిగించనే లేదు.

మర్నాడు హలీమా తోడుగా ఆటో ఎక్కింది. దారిలో హలీమా చిన్న కాగితం పొట్లం ఆమె చేతిలో పెట్టింది. పెట్టుకుంటే పన్నుందిగా అంటారు, పెట్టుకోకపోతే ఊరంతా సందే చూస్తుంది, ఏం చేస్తావో నీ ఇష్టం వదినా అంది. వెంకమ్మ పొట్లాన్ని కొంగు చివర ముడి వేసుకుంది.

మండలం స్టేషన్లో బల్ల దగ్గర ఉన్నది వనజ అనే కానిస్టేబుల్. పాతికేళ్లుంటాయి. అర్జీ తీసుకుని పైకి చదివింది. గోపి దారుణంగా కొట్టి, పన్ను ఊడగొట్టి, చంపుతానని బెదిరించాడని ఉంది అందులో.

"చంపుతానని వాడు అన్లేదమ్మాయ్," అంది వెంకమ్మ. "ఆ మాట నేనన్నాను."

వనజ నవ్వు ఆపుకుని, అయితే ఆ ముక్క తీసేద్దామంది. మిగిలినది కంప్యూటర్లో ఎక్కించబోతూ, ఒకసారి ఎఫ్ఐఆర్ కట్టాక తనుగానీ ఎస్సై గారుగానీ వెనక్కి తీయలేరనీ, ఇక కోర్టులోనే తేలాలనీ చెప్పింది. వెంకమ్మ ఆగమంది. ఆ గ్రీవస్ అన్నమాట ఏందో తనకు తెలియాలంది. తెలియనిదాని కింద సంతకం పెట్టే అలవాటు తనకు లేదంది.

వనజ చట్టం పుస్తకం తీసింది. గ్రీవస్ అంటే తీవ్ర గాయమట. అవి ఎనిమిది రకాలు. మొదటిది గొంతు తగ్గించి గబగబా దాటేసింది. అదేందని వెంకమ్మ అడిగితే, మగవాళ్లకు అయ్యేదని చెప్పి రెండోదానికి పోయింది. కంటిచూపు పోవడం. వినికిడి పోవడం. కాలో చెయ్యో పోవడం, పనికిరాకుండా పోవడం. ముఖం ఎప్పటికీ వికారంగా మారడం. ఎముక గానీ పన్ను గానీ విరగడం, తొలగడం. ప్రాణం మీదికి రావడం, లేకపోతే పదిహేను రోజులు విపరీతమైన నొప్పితో ఉండటం, రోజూ చేసుకునే పని చేసుకోలేకపోవడం.

"పద్నాలుగు రోజులు మూలిగితే?"

"మామూలు గాయం మామ్మా. పాత చట్టంలో ఇరవై రోజులుండేది. కొత్తదాంట్లో పదిహేను చేశారు."

వెంకమ్మ ఆశ్చర్యపోయింది. ఢిల్లీలో కూర్చున్న పెద్దలు కూడా తనలాగే మచ్చ ఎంతుంటే ఎటు వెయ్యాలని తగువుపడి ఉంటారు. పైగా కన్నూ కాలూ కూర్చున్న పంక్తిలో పన్నుకు కూడా పీట వేశారు. పన్ను మీద అంత గౌరవం ఉన్నవాళ్లు పళ్లు ఊడిన ముసలివాళ్లే అయి ఉండాలని ఆమెకు తోచింది.

గోడకు ఒక బోర్డు ఉంది. గడులు గీసి, ప్రతి గడిలో అంకె వేసి ఉంది. అవి ఏందని అడిగింది. హత్య, బందిపోటు, దోపిడీ, పగటి పూట ఇల్లు పగలగొట్టడం, రాత్రి పూట పగలగొట్టడం, మామూలు దొంగతనం, తీవ్ర గాయం. నెలనెలా ఆ అంకెలు జిల్లాకు, అక్కణ్ణుంచి పైకి పోతాయట. దోపిడీకీ బందిపోటుకూ తేడా ఏందంటే, ఐదుగురు కలిసి చేస్తే బందిపోటట. వెంకట్రామయ్య చెప్పిన ఐదోవాడు ఇక్కడా తగిలాడు. తీవ్ర గాయం గడిలో సున్న ఉంది.

"ఇప్పుడు నీది ఎక్కిస్తే ఒకటి అయిద్ది."

"పన్ను ఒకటి, పెదవి ఒకటి. రెండు కాదూ?"

"ఒక కేసులో నాలుగు నేరాలున్నా, పైకి పోయే లెక్కలో అన్నిటికన్నా పెద్దదే పోద్ది మామ్మా. పన్ను ఉందిగా. ఇక పెదవి లెక్కలోకి రాదు."

వెంకమ్మ పెదవి తడుముకుంది. కుట్లు సలుపుతున్నాయి. రాత్రంతా అన్నం ముద్ద దిగనివ్వని పెదవి లెక్కలో లేదు. మొన్నటిదాకా ఉప్పునీళ్ల గ్లాసులో పడుకున్న పన్ను మాత్రం ఢిల్లీ దాకా పోతుంది, అంకె అయి. దాని వెనకే గోపి పోతాడు. సోమవారం బస్సు ఇంకెవరో నడుపుతారు. జల్లెడ పట్టిన చేతుల దుమ్ము కళ్ల ముందు కదిలింది.

హలీమా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

వెంకమ్మ కొంగు ముడి విప్పి, పొట్లం తెరిచి, పన్నును బల్ల మీద పెట్టింది. గులాబీ రంగు చిగుళ్ల ముక్క, పక్కన తీగ కొక్కెం.

"ఇది మీ పుస్తకంలో పన్నా, సామానా? అది చెప్పి రాయి."

వనజ పన్నును చూసింది, వెంకమ్మ నోటిని చూసింది. పుస్తకం పట్టుకుని ఎస్సై గదిలోకి పోయింది. లోపల ఎవరో గట్టిగా నవ్వి మధ్యలో ఆపేసుకున్నారు. వెంకమ్మ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. వనజ వచ్చి చెప్పింది. అది ఒంట్లో పుట్టిన పన్ను కాదు కాబట్టి సామానే. కావాలని పగలగొడితే ఆస్తి నష్టం కింద రాయొచ్చు, కానీ అది పగల్లేదు. కాబట్టి పన్ను గురించి ఏమీ లేదు. మిగిలింది పెదవి. అది మామూలు గాయం. దానికి కోర్టు అనుమతి లేకుండా తాము కేసు కట్టలేరు. స్టేషన్ పుస్తకంలో రాసుకుని, కాగితం ఇస్తారు. కావాలంటే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

"ఆ బోర్డు మీదికి?"

"రాదు మామ్మా."

"అంటే నా మూతి పగిలిన సంగతి గవర్నమెంటుకు తెలవదన్నమాట."

"మాకు తెలుసుగా."

వెంకమ్మ కాసేపు సున్న ఉన్న గడిని చూసింది. తరవాత రాయమంది. పట్టా లాగాడని, భుజం పట్టి నెట్టాడని, పెదవికి రెండు కుట్లు పడ్డాయని. చేసింది చేసినంతే, ఎక్కువొద్దు, తక్కువొద్దు. రాసినదాన్ని రెండుసార్లు చదివించుకుని కింద సంతకం చేసింది. పన్ను తీసి, స్టేషన్ పంపు దగ్గర కడిగి, అందరి ముందే పెట్టుకుంది.

తిరుగు ఆటోలో హలీమా, ఊళ్లో ఏం చెబుదామని అడిగింది.

"నేనే చెప్తా. నువ్వు చెప్తే నిన్ను ఆడిపోసుకుంటారు. నేను చెప్తే నోరెత్తేవాళ్లెవరు?"

అట్లాగే చేసింది. పట్టా దగ్గరికి పోయి, పదకొండు మంది చూస్తుండగా పన్ను తీసి చూపించి, మళ్లీ పెట్టుకుని, ఇక పని కానివ్వమంది. నోళ్లు నొక్కుకున్నవాళ్లు నొక్కుకున్నారు. మధ్యాహ్నానికి అందులో ఇద్దరు, ఆ డాక్టరు ఎక్కడుంటాడని చెవిలో అడిగారు.

గోపి అప్పటికే రాళ్లు మోసి తన గోడవారన పేర్చేశాడు. తల దించుకుని వచ్చి నిలబడ్డాడు.

"స్టేషన్ పుస్తకంలో నీ పేరుందిరా, కేసు మాత్రం కట్టలేదు," అంది వెంకమ్మ. "కోర్టుకు పోవాలో వద్దో ఇంకా ఆలోచించుకోలేదు. సోమవారం పోయి బస్సెక్కు. వెనక్కి పోనిచ్చే ముందు దిగి చూసుకో. పసిపిల్లలు నాలాగా తిట్టలేరు."

నాగలక్ష్మి మాత్రం ఏమీ అనకుండా వచ్చి పట్టా అంచున కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. ఆమెకు కొత్త పని. కాసేపటికి ఒక కాయ పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఎటు వెయ్యాలి పెద్దమ్మా?"

"మచ్చ గోరంతుంటే మేలులోకి. గోరు దాటితే తాలులోకి."

నాగలక్ష్మి తన చిటికెన వేలు గోరు కాయ పక్కన పెట్టి చూసింది. తరవాత బొటనవేలు పెట్టి చూసింది.

"ఎవరి గోరు పెద్దమ్మా?"

వెంకమ్మ నోరు తెరిచింది. ఇరవై ఏళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. కాయను తీసుకుని, తన బొటనవేలు పక్కన పెట్టుకుని, కళ్లు చికిలించి చానాసేపు చూస్తూ ఉండిపోయింది.