బోర్లా పడ్డ ఆల్చిప్పలు

తెనాలిలో కుక్క మీద విసరడానికైనా రాయి దొరకదు. ఎటు చూసినా నల్లమన్ను, కాలవలు, వరిచేలు. అలాంటి ఊళ్లో పెరిగి కాలేజీలో భూగర్భశాస్త్రం తీసుకున్నానని మా నాన్న చాలాకాలం నవ్వాడు. "రాయి ఎలా ఉంటుందో ఎరగవు, రాళ్ల చదువేంటే నీకు?" అనేవాడు. ఆయన లెక్కల పంతులు. లెక్కలు తప్పించుకోవడానికే అందులో చేరానని చెప్పే ధైర్యం లేక మూతి ముడుచుకుని కూర్చునేదాన్ని.

అమ్మ పుట్టిల్లు బాపట్ల అవతల, కర్లపాలెం దాటాక ఓ చిన్న పల్లె. అక్కడ వరిచేల మధ్య పొడుగ్గా ఒక ఇసుక దిబ్బ ఉండేది. సముద్రం అక్కడికి దూరం, హోరు కూడా వినపడదు. వానాకాలంలో చేలన్నీ నీళ్లతో నిండితే ఆ దిబ్బ ఒక్కటే పొడిగా మిగిలేది. మేం క్రైస్తవులం. మా వాళ్ల సమాధులన్నీ దాని మీదే ఉండేవి.

అరవైల మొదట్లో, ఒక వేసవి సెలవుల్లో, మా తమ్ముడు ఆ ఊళ్లోనే పోయాడు. నాలుగేళ్లు కూడా నిండలేదు. వాంతులు, విరేచనాలు. నీళ్లు తాగిస్తే ఇంకా ముదురుతుందని అప్పట్లో అందరూ నమ్మేవాళ్లు. వైద్యం చేసినాయన కూడా అదే చెప్పాడు. వాడు "అమ్మా, నీళ్లు" అంటూనే ఉన్నాడు. అమ్మ తడిగుడ్డతో వాడి పెదాలు తుడిచింది, అంతే. గది మూల బిందె నిండా నీళ్లున్నాయి. వాడు దాని వంకే చూస్తూ పోయాడు. అలాంటప్పుడు నీళ్లే ప్రాణం నిలబెడతాయని కొన్నేళ్ల తర్వాత ఎవరో డాక్టరు అనగా అమ్మ విన్నది. ఆ మాట ఆమె చెవిన పడకుండా ఉంటే ఎంత బాగుండేదోనని ఇప్పటికీ అనుకుంటాను.

వాణ్ణి ఆ ఇసుక దిబ్బ మీదే పూడ్చారు. చిన్నపిల్లలకు సమాధి కట్టే అలవాటు మా వాళ్లలో లేదు. గుర్తుకు నాలుగు ఇటుకలైనా పెడదామన్నాడు నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. బాపట్ల వెళ్లి, అక్కణ్ణుంచి సూర్యలంక సముద్రానికి వెళ్లి, ఒడి నిండా ఆల్చిప్పలు ఏరుకొచ్చింది. వాటిని వాడి ఇసుకకుప్ప చుట్టూ వెల్లకిలా, చిన్న చిన్న గిన్నెల్లా పేర్చింది. వాన కురిస్తే వాటిలో నీళ్లు నిలవాలని ఆమె కోరిక.

ఏటా నవంబరులో సమాధుల పండుగకు వెళ్లేవాళ్లం. అందరూ సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు. అమ్మ మాత్రం ఇసుకలో కూరుకుపోయిన చిప్పల్ని వేళ్లతో తవ్వి తీసి, మళ్లీ పేర్చి, మరచెంబుతో ఒక్కోదాంట్లో నీళ్లు పోసేది.

"ఇదేం ఆచారమమ్మా?" అని ఒకసారి పాస్టరు గారు అడిగారు.

"ఆచారం కాదండి. వాడికి దాహమండి," అంది అమ్మ.

కాలేజీలో మా లెక్చరరు ఒకరోజు బల్ల మీద ఒక రాయి పెట్టారు. ఎప్పటిదో ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, బిగిసి, రాయైపోయింది. అందులో ఒక పొర నిండా ఆల్చిప్పలు. అన్నీ బోర్లా ఉన్నాయి. ఒడ్డున వెల్లకిలా పడ్డ చిప్పను తర్వాతి అల తిరగేస్తుందట. బోర్లా పడ్డదాని మీంచి జారిపోతుందట. అందుకని రాతిలో చిప్పలు ఇలా బోర్లా బారులు తీరి ఉంటే, అక్కడ ఒకప్పుడు అలలు ఆడాయని పోల్చుకోవచ్చన్నారు. కింద సముద్రపు బురద, దాని మీద చిప్పలు, ఆపైన గాలి తెచ్చిన ఇసుక ఉంటే, సముద్రం అక్కణ్ణుంచి వెనక్కి తగ్గిందని అర్థం. బాపట్ల చుట్టుపక్కల చేలల్లో ఉన్న దిబ్బలు అలాంటి పాత ఒడ్డులేననీ, అవి ఇంకా రాయి కాలేదనీ చెప్పారు.

అంటే తమ్ముడు పడుకున్నది సముద్రపు ఒడ్డున. ఈ సంగతి చెబితే అమ్మ సంతోషిస్తుందనుకుని ఆ శనివారం ఇంటికి రాగానే చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"సముద్రమైతే ఏం లాభమే? అవీ ఉప్పునీళ్లేగా," అంది.

డెబ్భైల్లో నాన్నకు రేపల్లె బదిలీ అయింది. అమ్మకు ఆపరేషనై, రెండేళ్లు వరసగా పండుగకు వెళ్లలేకపోయాం. ఆ తర్వాతి ఏడు నేనూ అమ్మా రేపల్లె నుంచి బస్సులో వెళ్లాం. దిబ్బ సగం లేదు, దాని చోట పెద్ద గొయ్యి ఉంది. రేపల్లెలో కొత్త ఇళ్లకు, కొత్త వీధులకు పల్లం పూడ్చి మెరక తోలడానికి ఇసుక కావాల్సి వచ్చింది. లారీల మీద తీసుకుపోయారు.

"కట్టిన సమాధుల జోలికి రాలేదక్కా. ఇటేపంతా ఉత్త ఇసకే అనుకున్నారు. నేను చూసేసరికే అయిపోయింది," అన్నాడు మామయ్య, తల వంచుకుని. అమ్మ తన తమ్ముణ్ణి దాటుకుని గోతివైపు నడిచింది. నాకు మాత్రం ఎవర్నైనా చెడామడా తిట్టాలనిపించింది. ఎవరూ దొరక్క ఆ గోతినే తిట్టాను.

గోతిలోకి దిగగానే అమ్మ కేక వేసింది. "ఇవిగోనే! ఇక్కడే!"

తెల్లటి ఆల్చిప్పలు. మోకాళ్ల మీద కూలబడి వాటి మీది ఇసుక తుడుస్తోంది. మొహం వెలిగిపోయింది. కాస్త అవతల ఇంకొన్ని కనపడ్డాయి. ఇంకాస్త అవతల ఇంకొన్ని. గోతి అడుగంతా చిప్పలే. ఇసుక కోసిన చోట నిలబడ్డ గోడలో పైన తెల్ల ఇసుక, అడుగున బూడిదరంగు బురద, నడుమ జానెడు మందాన దిబ్బ పొడుగునా చిప్పల పొర. అమ్మ గుర్తుకని చిప్పలే పెట్టింది. ఆ దిబ్బ కడుపు నిండా ఉన్నవీ చిప్పలే. ఇటుకలైతే తెలిసేది. నాన్న మాట నాకు గుర్తొచ్చింది, అమ్మకూ వచ్చే ఉంటుంది.

"ఇన్ని నేను పెట్టలేదు కదే," అంది అమ్మ నెమ్మదిగా. "నువ్వు చదివావుగా. వీటిలో నావేవో చెప్పవే."

చదివాను, నిజమే. సముద్రం పేర్చినవి బోర్లా ఉంటాయి, అమ్మ పేర్చినవి వెల్లకిలా ఉండాలి. గోడ వెంబడి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాను. పై అంచున గడ్డివేళ్ల మధ్య వెల్లకిలా ఉన్న చిప్ప ఒక్కటైనా కనపడుతుందేమోనని వెతికాను. లేదు. పొరలో ఉన్నవన్నీ బోర్లాయే. అడుగున రాలినవి పారలకు చెదిరి ఎలా పడితే అలా ఉన్నాయి, వాటిని బట్టి ఏమీ తేలదు. వాడు లారీలో వెళ్లిపోయాడు. రేపల్లెలో ఎవరింటి అరుగు కిందో ఉన్నాడు, లేదా నేను రోజూ నడిచే వీధి కిందో. సముద్రం ఎక్కడిదాకా వచ్చి వెళ్లిందో చెప్పగలిగిన నా చదువు, మా తమ్ముడు ఎక్కడున్నాడో చెప్పలేకపోయింది. దాని మీద నాకు అసహ్యం వేసింది.

"ఇవన్నీ సముద్రానివేనమ్మా. నీవి లేవు," అన్నాను.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడ దగ్గరకు జరిగి, పొరలోంచి ఒక చిప్పను ఊడదీసి, కొంగుతో తుడిచి, నేల మీద వెల్లకిలా పెట్టింది. పక్కన ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. ఎన్ని వేల ఏళ్లుగా బోర్లా పడి ఉన్నాయో అవి.

"అవి వాడివి కావమ్మా," అన్నాను. ఏడుపు నాకే వచ్చింది.

"వాడెటు పోయాడో తెలీదుగా. ఎటు నుంచి వచ్చినా నీళ్లు కనపడాలి," అంది.

మరచెంబులో నీళ్లు కొన్ని చిప్పలకే అయిపోయాయి. ఖాళీ చెంబు నా చేతికిచ్చి, "నిండా పట్టుకురా," అంది. నేను మామయ్య ఇంటికి పరిగెత్తి నీళ్లు పట్టుకుని తిరిగొచ్చేసరికి, అమ్మ ఇంకా పేరుస్తూనే ఉంది.