సన్మానంలో వచ్చిన చీర

అత్తను చూసుకునే పని నాకెలా వచ్చిందని ఆదోనిలో చాలామంది అడిగారు. వాళ్ళడిగే తీరు చూస్తే నేనేదో జైలుకు పోయి వచ్చినట్టు ఉండేది. నిజానికి అందులో త్యాగమేమీ లేదు. నేను గుమస్తాగా పనిచేసే జిన్నింగు మిల్లు మూతపడింది. నా భార్య హాలహర్వి దగ్గర ఒక ఊళ్ళో టీచరు, పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి గానీ ఇల్లు చేరదు. మామ పోయాక సి.బెళగల్ పక్క పల్లె నుంచి మా ఇంటికి వచ్చిన అత్త, ఒకరోజు వీధి కొళాయికని బయల్దేరి, ఇంటికి దారి తెలియక పత్తి మార్కెట్టు దాకా నడిచిపోయింది. డాక్టరు మతిమరుపు జబ్బన్నాడు. తగ్గేది కాదన్నాడు. ఎవరో ఒకరు ఎప్పుడూ పక్కనుండాలన్నాడు. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కడినే కాబట్టి ఆ ఉద్యోగం ఇంటర్వ్యూ లేకుండానే నాకొచ్చేసింది.

పెళ్ళయినప్పటి నుంచి మా అత్త నా ముందు కూర్చున్నది లేదు. అల్లుడి ఎదుట పడటమే మర్యాద కాదనుకునే మనిషి. నాతో ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, గోడకు చెప్పేది. "అల్లునికి ఇంకింత పప్పు ఏయమను" అంటే గోడ ఆ మాట మా అందరికీ చేర్చేది. జబ్బు చేసిన మేలేమిటంటే ఆ గోడ పోయింది. ఇప్పుడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్ళల్లోకి చూసి మరీ తిట్టేది. ఒక పూట నేను ఆమెకు అన్నను. ఇంకో పూట వాళ్ళ పుట్టింట్లో పనిచేసిన జీతగాణ్ణి.

"ఎద్దులకు నీళ్ళు పెట్టినావా?"

"పెట్టినానమ్మా."

"అబద్దాలు సెప్తాండావు. నీ మూతి సూస్తేనే తెలుస్తాది."

నిజమే, పెట్టలేదు. మిల్లులో సేటు కూడా నన్ను ఇంత తొందరగా పట్టుకోలేదు.

స్నానం నా భార్య పొద్దున్నే చేయించి పోయేది. మధ్యలో బట్టలు తడిస్తే పక్కింటామెను పిలిచేవాణ్ణి. ఆమె లేనప్పుడు నేనే, కళ్ళు మూసుకుని మార్చేవాణ్ణి. కళ్ళు మూసుకుని ఒక పెద్దావిడకు చీర కట్టడం ఎంత కష్టమో, దాన్ని చూసి నవ్వే బంధువులకు వివరించడం అంతకంటే కష్టం. "అత్తకు అల్లుడు సేవ చేసేదేందప్పా?" అని మా పెదనాన్న కొడుకు ముక్కు మీద వేలేసుకున్నాడు. మరి నువ్వొచ్చి చేస్తావా అంటే ఆయనకు వెంటనే ఎమ్మిగనూరులో పని గుర్తుకొచ్చింది.

ఇలాంటి ఇళ్ళకు అండగా ఉండేందుకు మా ఊళ్ళో ఒక సేవాసంస్థ ఉందని మాకు తెలియదు. వాళ్ళకే తెలిసి వచ్చారు. మెడలో కార్డు వేసుకున్న ఒక చిన్న వయసు అమ్మాయి గుమ్మంలో నిలబడి నవ్వుతూ అడిగింది.

"ఇంట్లో సంరక్షకురాలు ఎవరు సార్?"

"నేనేనమ్మా."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "మేడం లేరా?"

"బడికి పోయింది. సాయంత్రం వస్తుంది."

"అట్లయితే మేడం పేరే రాసుకుంటాలే సార్. మా ఫారంలో సంరక్షకురాలు అనే ఉంది."

ఆ విధంగా మా ఇంట్లో పని నాదీ, పేరు నా భార్యదీ అయింది. ఊళ్ళో చాలా ఇళ్ళల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది కాబట్టి నేను గొడవ చేయలేదు.

ఆ అమ్మాయి ఒక ఫోన్ నంబరు కూడా ఇచ్చింది, ఏ కష్టమొచ్చినా చేయమంది. ఒకరోజు అత్త పొద్దుటి నుంచి ముద్ద ముట్టలేదు. నోరు బిగబట్టుకుని కూర్చుంది. ఏం చేయాలో తోచక ఆ నంబరుకు చేశాను. "మీ కాల్ మాకు చాలా విలువైనది" అని ఒక గొంతు చెప్పి, ఆ తర్వాత పిల్లనగోవి పాట పెట్టింది. స్పీకర్లో ఆ పాట వింటూ అత్త మెల్లగా నోరు తెరిచింది. ఇదే సందని రాగి సంకటి ముద్దలు చేసి పెట్టాను. గిన్నె ఖాళీ కావస్తుండగా పాట ఆగి ఎవరో పలికారు.

"చెప్పండి సార్, మీకు ఏ విధంగా సహాయపడగలం?"

"మళ్ళీ ఆ పాటే పెట్టండమ్మా, ఇంకో రెండు ముద్దలుండాయి" అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

కొన్నాళ్ళకు ఆ కార్డు అమ్మాయి మళ్ళీ వచ్చి, సంరక్షకుల సదస్సు జరుగుతోందని పిలిచింది. రోగుల్ని చూసుకునేవాళ్ళు విశ్రాంతి ఎలా తీసుకోవాలన్నది విషయం.

"మేమక్కడికి వచ్చి విశ్రాంతి గురించి వింటుంటే, ఇక్కడ ఈమె దగ్గర ఎవరుంటారమ్మా?" అనడిగాను.

ఆమె మెడలో కార్డు సర్దుకుంది. "ఏదో ఒకటి అడ్జస్ట్ చేసుకోండి సార్. భోజనాలు కూడా ఉన్నాయి."

అడ్జస్ట్ చేసుకుని అత్తనే ఆటోలో ఎక్కించుకుని పోయాను. సదస్సు ఒక కల్యాణ మండపంలో, మేడ మీద. నడవలేని మనుషులున్న ఇళ్ళవాళ్ళను పిలిచి మేడ మీద సభ పెట్టాలంటే ఎంతో ముందుచూపు ఉండాలి. మెట్ల దగ్గర ఒకామె, తనకంటే పొడుగైన కొడుకును వీపు మీద మోస్తూ పైకి చూస్తోంది. కొడుక్కి మీసాలున్నాయి. కాళ్ళు మాత్రం చిన్నపిల్లాడివిలా సన్నగా వేలాడుతున్నాయి.

"అన్నా, లిఫ్టు యాడుంది?" అంది.

"లేదమ్మా."

"ఉండదులే, మనల్ని పిల్సినోల్లకు కాళ్ళు బాగుండాయి, ఎక్కుతారు."

నేను వాడి కాళ్ళు పట్టుకున్నాను. అత్త నా చొక్కా పట్టుకుంది. అలా రైలు మాదిరి ఎక్కాం. ఎక్కుతూ ఆ తల్లి తన సంగతి చెప్పింది. వాళ్ళది ఎమ్మిగనూరు. మొగుడు మగ్గం నేస్తాడు. కొడుక్కి పుట్టినప్పటి నుంచి మాటా నడకా రాలేదు. ఆమె ఆయాసపడుతూనే ఇదంతా చెప్పింది గానీ, ఎక్కడా గొంతు తగ్గించలేదు.

పైన వాలంటీరు కుర్రాళ్ళు ఆమెకు గులాబీ ఇచ్చారు. నాకు మాత్రం "డ్రైవర్లకు టిఫిన్లు కింద పెట్టినారన్నా" అని దారి చూపించారు. నేనూ సంరక్షకుణ్ణేనని నమ్మించేసరికి గులాబీలు అయిపోయాయి.

హైదరాబాదు నుంచి వచ్చిన కౌన్సెలర్ మేడం తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడింది. రోజుకు ఒక గంట మీకోసం మీరు ఉంచుకోవాలంది. ఆ గంటలో పచ్చని చెట్ల మధ్య నడవాలి, ఇష్టమైన సంగీతం వినాలి, మనసులోని మాటలు డైరీలో రాసుకోవాలి. ఆదోనిలో పచ్చని చెట్ల మధ్య నడవాలంటే ముందు వాటిని వెతుక్కుంటూ నడవాలి. ఎమ్మిగనూరు ఆమె చెయ్యెత్తింది.

"మేడం, ఆ గంటసేపు మా వాన్ని ఎవురు పట్టుకుంటారు?"

"చాలా మంచి ప్రశ్న" అని మెచ్చుకుని మేడం తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయింది.

ఈ సందడిలో నేను అత్త మీద నుంచి కాసేపు కళ్ళు తిప్పాను. చూసేసరికి ఆమె వేదిక మీదుంది. ముఖ్య అతిథి కోసం తెల్ల టవలు పరిచిన పెద్ద కుర్చీలో, కాళ్ళు పైకి ముడుచుకుని, సొంత అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది. నిర్వాహకులు బతిమాలారు, నేను బతిమాలాను, దిగలేదు. అంతలో ముఖ్య అతిథి దండలతో, మనుషులతో రానే వచ్చాడు. అత్త ఆయన్ను ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, మగపెండ్లోల్లు ఇంత ఆలీసంగానా వచ్చేది? ఎంత సేపట్నుంచి కాసుకోనుండాము!"

 ఆయన చేతులు జోడించాడు. "తప్పయిపోయిందవ్వా" అని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు వేదిక మీద పనికొచ్చే మాట మాట్లాడింది ఆయనొక్కడే.

తర్వాత సన్మానాలు. ఉత్తమ సంరక్షకురాలని నా భార్య పేరు పిలిచారు. ఆమె ఆ సమయానికి హాలహర్వి దగ్గర ఎక్కాలు చెబుతోంది. నేను పోయాను.

"మేడం తరఫున వారి భర్త అందుకుంటున్నారు. అత్తగారి సేవకు అడ్డు చెప్పని ఇలాంటి మంచి భర్తలు దొరకడం అరుదు" అన్నాడు మైకు పట్టుకున్నాయన.

"చేసేది నేనేనప్పా" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. నాకింత హాస్యం తెలుసని నాకే తెలియదు. చేతిలో ఒక నేత చీర, పసుపు కుంకుమ, డజను గాజులు పెట్టి ఫొటో తీశారు. గాజులు కూడా నా కొలతవి కావు.

భోజనాలకు లేచేటప్పుడు అత్త తనంతట తనే కుర్చీ దిగి వచ్చి నా చెయ్యి గట్టిగా గుంజింది. నాకు అర్థమైంది. మరుగుదొడ్డి వెతికాను. ఉంది, తాళం వేసి ఉంది. తాళంచెవి తెచ్చినాయన తలుపు తీస్తే లోపల నిండా పాత బ్యానర్లు పేర్చి ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఉన్నదాని మీద "ప్రతి వృద్ధురాలూ మన అమ్మే" అని పెద్ద అక్షరాలు. అమ్మ ఎక్కడికి పోవాలన్నది మాత్రం రాయలేదు. కింద ఇంకోటుందంటే గబగబా మెట్లు దిగించాను. సగంలోనే అయిపోయింది. చీరంతా తడిసి, మెట్ల మీదుగా కిందికి కారింది. పైకెక్కేవాళ్ళు ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నారు.

అంతవరకూ నేను చాలా చూశాను, కానీ తర్వాత జరిగింది ఎన్నడూ చూడలేదు. అత్త తలొంచి తన బట్టలు చూసుకుంది. నన్ను చూసింది. జీతగాణ్ణి చూసినట్టు కాదు. చటుక్కున కొంగు తల మీదికి లాక్కుని, ముఖం గోడకు తిప్పుకుంది. పాత గొంతుతో, ఎన్నో ఏళ్ళుగా నేను మరిచిపోయిన గొంతుతో, గోడతో అంది:

"అల్లున్ని ఆ పక్కకు పొమ్మనండి."

 ఇన్నాళ్ళూ ఆమెకు ఏదీ తెలియదనే ధైర్యంతోనే నేనన్నీ చేస్తూ వచ్చాను. ఇప్పుడు తెలిసింది. ఆ సిగ్గు ముందు నా సేవ, సన్మానం, జోకులు అన్నీ పనికిమాలినవైపోయాయి. ఆమెను అక్కడ వదిలి పోలేను, దగ్గరికీ పోలేను.

వెనక నుంచి ఎమ్మిగనూరు ఆమె వచ్చింది. ఒక్క చూపులో సంగతి గ్రహించింది. కొడుకును దించి నా చేతుల్లో పెట్టింది.

"వీన్ని పట్టుకోన్నా. తల కింద సెయ్యి పెట్టు, లేకుంటే ఎనక్కి ఇరుసుకుంటాడు. ఆ పక్కకు తిరిగి కూకో."

నేను మెట్టు మీద గోడకేసి కూర్చున్నాను. ఆమె కేకేస్తే ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చి కొంగులు అడ్డం పట్టి నిలబడ్డారు. నా సంచిలోంచి సన్మానపు చీర లాగిన చప్పుడు వినిపించింది. "రా అవ్వా, కొత్త సీర కట్టుకుందువు రా. పెండ్లికి వచ్చి పాత సీర కట్టుకుంటారా యాడన్నా?" అంటోంది. అత్త ఏదో గొణిగింది. ఆ పిల్లవాడు నా ఒళ్ళో నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని, పైకి చూస్తూ నవ్వుతున్నాడు. బరువుగా ఉన్నాడు. తల్లి రోజూ మోసే బరువు అది.

ఇటు తిరగమన్నాక తిరిగాను. అత్త కొత్త చీరలో మెరిసిపోతోంది. నన్ను చూసి, "ఎద్దులు గట్టేసినావా?" అంది. కట్టేశానన్నాను. ఈసారి మూతి చూడలేదు.

పైకి పోబుద్ధి కాక, భోజనం పొట్లాలు కిందికే తెప్పించుకుని మెట్ల మీద తిన్నాం. ఎమ్మిగనూరు ఆమె కొడుక్కి నలిపి పెడుతూ చెప్పింది, చర్చిలో ప్రార్థన మొదలు నుంచి చివరి దాకా కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తు లేదట. పాట మొదలు కాగానే వీడు అరుస్తాడు, అందరూ తిరిగి చూస్తారు, ఈమె లేచి వచ్చేస్తుంది. మొగుడికి ఆదివారమూ మగ్గమే.

"ఈ ఆదివారం మేమొస్తాం. నా భార్యకు సెలవు. మీవాణ్ణి మేం పట్టుకుంటాం" అన్నాను. ఆలోచించి అన్నది కాదు.

ఆమె ముద్ద ఆపి నా ముఖం చూసింది. "నిజంగానే వస్తారా, లేకుంటే మీరు గూడ మీటింగు మాట సెప్తాండారా?"

వెళ్ళాం. నా భార్య దారి పొడవునా, మగవాడికి ఇంకొకరి ఇంటికి మాటిచ్చే ముందు పెళ్ళాన్ని అడగాలని ఉండదా అని సణిగింది. అయినా వచ్చింది. ఆ రోజు ఎమ్మిగనూరు ఆమె ఉతికిన చీర కట్టుకుని, బైబిలు పట్టుకుని, గుమ్మం దాటి రెండుసార్లు వెనక్కి చూసి పోయింది. అత్త ఆ పిల్లవాడి తల నిమురుతూ, వీడెవరి బిడ్డని అడిగి, జవాబు వినకుండానే మనవడని తేల్చేసింది. వాడు ఆమె దగ్గర అరవలేదు. ప్రార్థన అయ్యాక వాడి తల్లి సంతకు కూడా పోయి, ఏమీ కొనకుండా, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఊరికే నడిచిందట. హైదరాబాదు మేడం చెప్పిన పని అదొక్కటే జరిగింది, చెట్లు లేకుండా.

తర్వాత వంతులేసుకున్నాం. బడి సెలవుల్లో, పండగ పూటల్లో ఆమె ఆదోని వచ్చి అత్త దగ్గర ఉండేది, మేమిద్దరం బయటికి పోయేవాళ్ళం. మాలాంటి ఇంకో రెండు కుటుంబాలు కలిశాయి. సంగతి తెలిసి సంస్థ వాళ్ళు వచ్చి మమ్మల్ని వరుసలో నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. అది వాళ్ళు నడుపుతున్న కార్యక్రమమని ఆ ఫొటో కిందే చదివి తెలుసుకున్నాం. మంచిదే, నడిపేవాళ్ళెవరో తెలియకపోతే మనసుకు తృప్తి ఉండదు. వాళ్ళ కార్డు అమ్మాయి మాత్రం అప్పుడప్పుడూ సెలవు రోజు, కార్డు లేకుండా వచ్చి అత్త దగ్గర కూర్చుంటుంది. కార్డు తీసేశాక చాలా పనిమంతురాలు.

ఇప్పుడు అత్త మంచం దిగడం లేదు. ఎద్దుల సంగతి అడగడం మానేసింది. ఒకసారి నేను అలవాటు కొద్దీ "నీళ్ళు పెట్టినానమ్మా" అంటే, ఏ నీళ్ళన్నట్టు చూసింది. మేము ఎమ్మిగనూరు పోలేం కాబట్టి ఆమే కొడుకును తీసుకుని వస్తోంది. పోయిన ఆదివారం ప్రార్థనప్పుడు వాణ్ణి మాలో ఇంకో కుటుంబం వాళ్ళు పట్టుకున్నారు; అది కాగానే వచ్చి, వాణ్ణి అత్త పక్కన పడుకోబెట్టి, నన్ను చూసి, "అన్నా, ఆ జుట్టేంది? పో, కటింగు సేయించుకోని రా" అని బయటికి తరిమింది.

మంగలి షాపు కుర్చీలో కూర్చున్నది గుర్తుంది, నిద్ర ఎప్పుడు పట్టిందో గుర్తు లేదు. కరెంటు పోయి, మళ్ళీ వచ్చి, ఫ్యాను తిరిగాక గానీ ఆయన నన్ను లేపలేదు. నా తర్వాత వచ్చినవాళ్ళందరికీ పక్క కుర్చీలో కటింగులు చేసి పంపించాడట, నాకు ఆఖరున చేశాడు. ఇంటికి వచ్చేసరికి నా భార్యా, ఎమ్మిగనూరు ఆమే వంటింట్లో కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఏమిటని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్ళీ నవ్వారు. నాకు చెప్పలేదు.