నీళ్లు తగ్గాయా అని అడిగే అవ్వ

నా చిన్నప్పుడు పెన్నానది మీద ఆనకట్ట కట్టి మా ఊరిని ఖాళీ చేయించారు. జమ్మలమడుగు దగ్గరున్న ఆ ఊరు నీళ్ల కిందికి పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. ఆ రోజుల్లో నేను ఒక అవ్వతో ఆడిన అబద్ధం గురించి, ఆమె నాకు చెప్పిన మాట గురించి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. పోయిన ఏడాది చైనాలో ఒక సరస్సు ఒడ్డున కూర్చుని మా చిన్నమ్మాయికి మొదటిసారి చెప్పాను.

మా అమ్మాయి అక్కడ ఒక పట్నంలో ఇంజనీరు. ప్రొద్దుటూరులో టీచరుగా రిటైరయిన నన్ను నెల రోజులు ఉండి పొమ్మని పిలిపించుకుంది. నాలుగు రోజులు సెలవు దొరికితే పెద్ద సరస్సు ఉన్న ఒక పల్లెప్రాంతానికి తీసుకెళ్లింది. ఎటు చూసినా తడి నేల, మనిషెత్తు రెల్లు, మడుగుల్లో తామరాకులు. రెల్లు మధ్య చెక్కలు పరిచిన దారిలో మేము నడుస్తుంటే కొంగలు బెదరకుండా అలాగే నిలబడి ఉండేవి. ఊళ్లో బూడిదరంగు పెంకుటిళ్లనూ, రాతి వంతెననూ చెక్కుచెదరకుండా కాపాడుకుంటున్నారు. వాటిని చూడ్డానికి జనం బస్సుల్లో వస్తారు. కరువు సీమలో పుట్టిన నాకు అన్ని నీళ్లు చూస్తే సంతోషం కలగాలి. నాకు మాత్రం మునిగిపోయిన మా ఊరే కళ్ల ముందు మెదిలింది.

మేము దిగింది ఒక పాత ఇంట్లో. ఆ ఇంటామె అత్తగారికి తొంభై ఏళ్లు దగ్గరపడి ఉంటాయి. పొద్దున్నే ఆ పెద్దావిడ చిన్న గుడ్డమూట ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని కోడల్ని ఏదో అడిగింది. కోడలు నవ్వుతూ జవాబిచ్చి లోపలికి పోయింది.

"పడవ వచ్చిందా అని అడుగుతాంది మా. రిపేరులో ఉంది, రేపు పోదాం అని చెప్పిందామె" అంది మా అమ్మాయి.

పెద్దావిడ పుట్టి పెరిగి, కాపురం కూడా చేసిన ఊరు సరస్సు మధ్యలో ఒక లంక మీద ఉండేదట. ఆ లంకను పక్షులకు వదిలేసి జనాన్ని ఒడ్డుకు తెచ్చి చాలా ఏళ్లయిందట. అక్కడ ఇళ్లు లేవు, అక్కడికి పోయే పడవా లేదు. ముసలి ప్రాణం బాధపడకూడదని కోడలు రోజూ ఇదే మాట చెబుతుందట. మమ్మల్ని అడిగినా అదే చెప్పమంది. ఆ మాట వినగానే నాకు మా ఊరి అవ్వ గుర్తొచ్చింది. ఆ సాయంత్రం సరస్సు ఒడ్డున మా అమ్మాయికి అంతా చెప్పాను.

ఆ అవ్వది మా పక్కిల్లు. ఆమెకు నా అన్నవాళ్లు లేరు. ఊరు ఖాళీ చేసే రోజు గడప వదలనని కూర్చుంది. మా జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న, గొర్రెలు కాసుకునే మనిషి. ఆయన మాటంటే ఊళ్లో అందరికీ గురి. ఆయన ఆమె ముందు గొంతుక్కూర్చుని, "వానలు పోనీ అక్కా. నీళ్లు తగ్గతానే మళ్లా ఈడికే వస్తాం" అన్నాడు. ఆమె లేచి వచ్చి బండెక్కింది. నీళ్లు తగ్గవని మాకందరికీ తెలుసు.

మెరక మీద కట్టుకున్న కొత్త ఊళ్లో అవ్వ రోజూ సాయంత్రం నా కోసం ఎదురుచూసేది. నేను జేజినాయనతో గొర్రెల వెంట నీళ్ల అంచు దాకా పోయి వచ్చేదాన్ని. "నీళ్లు తగ్గినాయా పాపా?" అని అడిగేది. "తగ్గతాండాయి అవ్వా" అనేదాన్ని. అలా చెప్పమని జేజినాయనే నేర్పాడు. రోజులు గడిచేకొద్దీ నాకు అందులో హుషారు పుట్టింది. ఒకరోజు ఎవరూ చెప్పమనకుండానే, "మీ ఇంటి గోడ గూడా కనపడతాంది" అనేశాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కోప్పడలేదు.

"ఇంక సాల్లే పాపా. నాకు బండెక్కినపొద్దే తెలుసు. మీ జేజినాయన బండి పక్కన నడుస్తా ఎన్నిసార్లు ఎనక్కి తిరిగి సూసినాడో. మళ్లా వచ్చేవాడు అన్నిసార్లు సూస్తాడా?"

"మరి అప్పుడే ఎందుకు అనల్యా అవ్వా?"

"నా బాధ సూడల్యాక సెప్పినాడు ఆయప్ప. నేను నమ్మితే ఆయప్పకు నెమ్మది. బండి దిగి పోయి మా ఆయన సమాధి కాడ కూసోని ఏడుద్దామనుకున్యా. మళ్లా వస్తామంటాంటే ఏమని ఏడ్సేది? మీరంతా మంచోళ్లయి, ఏడ్సేదానికి గూడా నాకు తావు ల్యాకుండా జేసినారే."

ఈ సంగతి జేజినాయనకు చెప్పొద్దని నా నెత్తి నిమిరింది. నేను చెప్పలేదు. రోజూ ఆయన చెవిన పడేలా ఆమె అడుగుతూనే ఉంది, నేను తగ్గుతున్నాయని చెబుతూనే ఉన్నాను. ఒక ముసలిదాన్ని బాధపడకుండా కాపాడానన్న నమ్మకంతోనే మా జేజినాయన కన్నుమూశాడు.

మర్నాడు పొద్దున పెద్దావిడ మూట పట్టుకుని మా దగ్గరికే వచ్చింది. ఏం అడిగిందో భాష రాకున్నా నాకు తెలిసింది.

"ఏం చెప్పను మా?" అంది మా అమ్మాయి.

"పడవ మాట ఎత్తొద్దు. ఆ ఊళ్లో ఆవిడకు ఎవరున్నారో అడుగు" అన్నాను.

మా అమ్మాయి అడిగింది. పెద్దావిడ గడప మీద కూర్చుంది. మూట ఒళ్లో పెట్టుకుని ముడి విప్పింది. అందులో అరచేతిలో పట్టేంత గుడ్డ చెప్పుల జత ఉంది. నాలుగేళ్లకే పోయిన కూతురివట. ఆ పిల్లను లంకలోనే పూడ్చారట. ఆ మాట చెబుతూనే ఆవిడ ఏడుపు అందుకుంది. గొంతు చాలకపోయినా ఆపకుండా ఏడ్చింది.

కోడలు పరుగెత్తుకొచ్చి, రోజూ నెమ్మదిగా ఉండే మనిషిని ఏడిపించారని మా మీద మండిపడింది. అంతలో చెప్పులు ఆమె కంటపడ్డాయి. ఆ మూటలో ఏముందో తానెన్నడూ అడగలేదంది. అత్త పక్కన కూలబడింది. మధ్యాహ్నం మేము బయలుదేరేటప్పుడు కూడా ఆమె మాతో మాట్లాడలేదు.

నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఎవరైనా కష్టంలో ఉంటే, "ఏం కాదులే" అనే మాట ఈనాటికీ నా నాలుక చివరికి వస్తుంది. ఆ మాట వాళ్ల కోసమా, నా కోసమా అని కాస్త ఆగుతాను. చాలాసార్లు అది నా కోసమే.