నిచ్చెన కాళ్ల దగ్గర

కళ్లు తిరిగే జబ్బుంది, ఎత్తులు ఎక్కొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి పెయింటరు పని నిచ్చెన పట్టుకోవడమే. కింది మెట్టు మీద పాదం మోపి, రెండు చేతులా బిగించి పట్టుకుని, పైన రంగు వేసే బావమరిదిని చూసి కళ్లలో నిప్పులు పోసుకుంటాడు. దారినపోయేవాళ్లు తలెత్తి “ఎంత నున్నగా వేస్తున్నాడో!” అంటే, నెత్తిన పడ్డ రంగుచుక్క తుడుచుకుంటూ “నేర్పింది నేనే” అని గొణుగుతాడు. బావమరిది కాస్త పక్కకి వంగితే చాలు, “ఒరేయ్, వంగకు! దిగి నిచ్చెన జరుపుకో” అని అరుస్తాడు.

ఒకనాడు టీ తాగి వచ్చేసరికి నిచ్చెనను ఆ బిల్డింగు వాచ్‌మన్ పట్టుకుని ఉన్నాడు. “నువ్వు కూర్చో బావా, ఈయన బాగానే పట్టుకున్నాడు,” అన్నాడు పైనుంచి బావమరిది. పెయింటరు ముఖం మాడిపోయింది. ముందు తన పాదం మెట్టు మీద మోపి, ఆ తర్వాతే వాచ్‌మన్‌ని భుజంతో నెట్టాడు.

“జరగవయ్యా! వాడు పడితే నేను పట్టుకున్న నిచ్చెన మీంచే పడాలి.”