తలుపు కింద జారిన కాగితం మొగ్గలు

మంగళవారం. పాలు కాచి తోడు వేశాను. ఇడ్లీ పిండి రుబ్బాను. బట్టలు ఉతికి ఆరేశాను. కందిపప్పు డబ్బాలో పురుగు కనిపిస్తే పప్పు ఎండలో పోశాను. కరెంటు బిల్లు కట్టాను. ఎదురు ఫ్లాటు పిన్నిగారు పోయారు.

ఏ రోజు పనులు ఆ రోజు రాసిపెట్టుకోవడం నాకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు. మొన్న రాసినవి ఇవి. ఆఖరి వాక్యం పనుల వరసలో ఎందుకు రాశానో నాకే తెలియదు. ఇంకెక్కడ రాయాలో తోచలేదు.

వంట మధ్యలో ఉండగా బాబాయిగారు, అంటే ఆవిడ భర్త, మా తలుపు కొట్టారు. "అమ్మాయ్, మీ పిన్ని పిలిస్తే పలకట్లేదు. ఒకసారి వచ్చి చూడు" అన్నారు, కాస్త పంచదార అప్పడిగినంత మామూలుగా. వెళ్లేసరికి ఆవిడ బాల్కనీ కుర్చీలో కూర్చునే ఉన్నారు. ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం. సగం కాయలకు ఈనెలు తీసి ఉన్నాయి. కింద అంతస్తులో ఉండే డాక్టరుగారు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, గుండె ఆగిపోయిందండీ అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. మా అమ్మాయికి ఈ మాట ఎలా చెప్పాలన్న భయం.

చదివేవాళ్లకు ఆ భయం అర్థం కావాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో హాస్టల్ నుంచి ఇంటికి వచ్చేసింది. ఊళ్లోనే కాలేజీ అయినా, అందరూ చేర్చినట్టే మేమూ హాస్టల్లో చేర్చాం. ఒకరోజు వాళ్లే ఫోన్ చేసి, అమ్మాయి తరగతికి రావట్లేదు, తిండి తినట్లేదు, తీసుకెళ్లండి అన్నారు. ఆటోలో నా పక్కన కూర్చుని బెంజి సర్కిల్ నుంచి ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లైటు వేస్తే దుప్పటి ముసుగు పెట్టుకునేది. నాకు బతకాలని లేదమ్మా అని ఒకే ఒకసారి అంది. గ్లాసు నీళ్లు అడిగినంత నెమ్మదిగా అంది.

డాక్టరుకు చూపించాం. మందులు ఇచ్చారు, ఒంటరిగా వదలొద్దన్నారు. నేను గది తలుపు గడియ తీయించేశాను. మేడ మీదికి వెళ్లే తలుపుకు తాళం వేయించాను. బాల్కనీలో స్టూలు తీసేశాను. ఇల్లంతా ఒక క్రమంలో పెట్టడం తప్ప నాకు ఇంకేం చేతనవుతుంది? పళ్లెంలో అన్నం పెట్టి లోపలికి వెళితే గోడ వైపు తిరిగేది. చల్లారిన అన్నం తెచ్చి సింకు దగ్గర పెట్టి నిలబడేదాన్ని. మా ఆయన, "కాస్త టైమిద్దాం, సర్దుకుంటుందిలే" అని గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్టుకు పనికి వెళ్లిపోయేవారు. స్కూటరు దగ్గర చాలాసేపు నిలబడి, తాళం ఎక్కడ పెట్టానా అని వెతుక్కునేవారు. తాళం ఆయన చేతిలోనే ఉండేది.

అలాంటి రోజుల్లో పిన్నిగారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ చేతిలో ఒక సీరియల్ లైట్ల దండ, చంకలో తెల్ల కాగితాల కట్ట.

అపార్టుమెంటులో వినాయకచవితి పందిరికైనా, ఎవరింట్లో పుట్టినరోజుకైనా ఆవిడ ఆ లైట్లకు కాగితం మొగ్గలు చేసి తొడిగేవారు. చదరంగా కత్తిరించిన కాగితాన్ని మడతల మీద మడతలు వేస్తే అరచేతిలో పట్టేంత బల్లపరుపు ముక్క అవుతుంది. ఒక కొసన చిన్న రంధ్రం ఉంటుంది. అందులో నోటితో ఊదితే అది ఉబ్బి గుండ్రంగా లేస్తుంది. అదే రంధ్రంలో బల్బు దూరుస్తారు. జిగురు లేదు, దారం లేదు. ఉయ్యూరులో వాళ్ల నాన్నగారి కిరాణా కొట్లో పొట్లాలు కట్టీ కట్టీ ఆ వేళ్లకు మడత అలవాటైందట. చెరకు బళ్లు వరసగా వెళుతుంటే చూస్తూ చింతపండు పొట్లాలు కట్టేదాన్ని, చూపు బళ్ల మీద, వేళ్లు కాగితం మీద అనేవారు.

"తలుపు తోసుకుని వెళ్లండి పిన్నిగారూ, గడియ లేదు" అన్నాను.

"తోసుకెళ్తే నీలాగే నేనూ గోడనే చూసి రావాలి. తలుపు దాన్నే తియ్యనీ" అని ఆవిడ గది బయట చాప వేసుకుని కూర్చున్నారు.

ఒక కాగితం మడిచారు. ఊదలేదు. ఆ బల్లపరుపు ముక్కను తలుపు కింద సందులోంచి లోపలికి తోశారు. "ఏమేవ్ బుజ్జీ, నాకు ఆయాసం. ఊదలేను. కాస్త ఊది పెట్టవే" అన్నారు. లోపల చప్పుడు లేదు. ఇంకోటి మడిచి తోశారు. నాతో మామూలుగా కబుర్లు చెబుతూనే ఉన్నారు. కాకరకాయ పులుసులో బెల్లం ఎంత వేయాలి, ఏలూరు రోడ్డులో ఏ షాపులో జాకెట్టు గుడ్డలు బాగుంటాయి. లోపల నా బిడ్డ చచ్చిపోతానంటుంటే ఈవిడ బెల్లం గురించి మాట్లాడుతుందేమిటని నాకు ఒళ్లు మండింది. అన్నాను కూడా.

ఆవిడ గొంతు తగ్గించారు. "మనం ఏడుస్తుంటే అది వింటోంది అమ్మాయ్. మనిద్దరం కూర కూడా వండుకుంటామని విననీ."

రోజూ వచ్చేవారు. నన్నూ కూర్చోబెట్టి మడత నేర్పారు. నేను స్కేలు పెట్టి, మడతను గోరుతో గట్టిగా గీసేదాన్ని. నా మొగ్గలు చూడటానికి చక్కగా ఉండేవి గానీ, ఊదితే మూల చిరిగిపోయేవి.

"ఇస్త్రీ చేస్తున్నావా ఏంటమ్మా? గాలికి కాస్త చోటుంచు. మీ ఆయన ఎలా వేగుతున్నాడో నీతో!"

"మీ బాబాయిగారు వేగట్లేదా మీతో?"

"ఆయనకి చెవుడు. అందుకే కాపురం నిలిచింది" అని పకపకా నవ్వారు. ఆవిడతో పాటు వచ్చి మా హాల్లో పేపరు చదువుతున్న బాబాయిగారు, "విన్నాను" అన్నారు.

గదిలోంచి ఏదో చిన్న చప్పుడైంది. నవ్వో, దగ్గో. తలుపుకు చెవి ఆనించబోతే పిన్నిగారు నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టారు.

ఆ తరవాత రెండు మూడు రోజులకు తలుపు కింద నుంచి ఒక ముక్క బయటికి వచ్చింది. మేం పంపిన తెల్ల కాగితం కాదు. కాలేజీలో వారం వారం పెట్టే పరీక్ష పేపరు. ఎర్ర సిరాతో కొట్టివేతలు, పైన మార్కులు. దాన్ని మడిచింది. ఆ మార్కులు నేను ఎన్నడూ చూడలేదు. మాకు చూపించనే లేదు. పిన్నిగారు కళ్లజోడు సర్దుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు.

"రెండో మడత తప్పింది బుజ్జీ. చెవులు లోపలికి పోవాలి, బయటికి కాదు. విప్పి పంపిస్తున్నా, మళ్లీ మడువు."

మార్కుల మాట ఎత్తలేదు. ఎర్ర సిరా కనపడనట్టే మడత గీతలు విప్పి, సాపు చేసి, లోపలికి తోశారు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అది మళ్లీ బయటికి వచ్చినప్పుడు మడత సరిగ్గా ఉంది. ఇంకా వచ్చాయి. ఆ పరీక్ష పేపర్లన్నీ, ఒక్కోదాన్ని చదరంగా చింపి, మడిచి, తలుపు కింద నుంచి తోసింది. అవన్నీ పరుపు కింద దాచుకుందని అప్పుడు తెలిసింది. పిల్ల ఇన్నాళ్లూ వాటి మీదే పడుకుందన్నమాట. ఒకరోజు ముక్కలు రావడం ఆగిపోయి తలుపే తెరుచుకుంది. జుట్టు అట్టలు కట్టి, పెదాలు ఎండి, నా కూతురు గుమ్మంలో నిలబడింది. "అమ్మమ్మా, మీరు ఊదలేనంటున్నారుగా. ఇన్ని ఎవరు ఊదుతారు?" అని అడిగింది.

"నీకు వేరే పనేముందే" అన్నారు పిన్నిగారు.

ఆ దండ వెలిగించినప్పుడు కాగితాల లోపలి నుంచి లెక్కలు, గీతలు, ఎర్ర కొట్టివేతలు అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపించాయి. మా అమ్మాయి ఒక మొగ్గను వేలితో చూపించి, "ఇందులో నాకు సున్నా అమ్మా" అంది. అందరికంటే ముందు బాబాయిగారు చప్పట్లు కొట్టారు. ఆయనకు ఆ మాట వినపడిందో లేదో ఇప్పటికీ తెలియదు.

బాగైపోయింది అని రాయలేను. మంచి రోజులు, చెడ్డ రోజులు ఉంటాయి. ఇప్పుడు ఇంటి నుంచే డిగ్రీ చదువుతోంది. మందులు ఇంకా ఉన్నాయి. చెడ్డ రోజుల్లో అది బయటికి వచ్చేది ఒక్క పిన్నిగారి కోసమే. అందుకే మంగళవారం నేను మొదట చేసిన పని, ఆవిడ కళ్లు మూయడం కాదు. మా ఫ్లాటుకు పరుగెత్తుకొచ్చి, అమ్మాయి గది కిటికీ మూయడం, ఏడుపులు వినపడకుండా. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆ క్షణంలో పోయిన మనిషి గురించి నేను ఆలోచించలేదు.

ఎంతసేపు దాస్తాను? ఐస్ బాక్సు మెట్ల మీదుగా మోసుకొచ్చారు. ఆ శబ్దానికి తలుపు తీసింది. "ఎవరమ్మా?" అంది. చెప్పాను. వెళ్లి పెట్టె పక్కన కూర్చుంది. ఏడవలేదు. సాయంత్రం దహనానికి తీసుకెళ్లాక వచ్చి, గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుంది. లైటు ఆపేసింది.

బుధవారం తలుపు తీయలేదు. నేను గుమ్మం బయట గోడకు జారగిలపడి కూర్చున్నాను. మా ఆయన సెలవు పెట్టి నా ఎదురుగా కూర్చున్నారు. ఇలాంటప్పుడు పిలవడానికి నాకు ఉన్న ఒకే మనిషి పోయింది. బెల్లం ఎంత వేయాలో మాట్లాడాలని చూశాను, కాకరకాయ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అమ్మాయికి మందులిచ్చే డాక్టరుకు ఫోన్ చేస్తే శుక్రవారం తీసుకురమ్మన్నారు. శుక్రవారం దాకా ఎలా?

గురువారం అస్థికలు కృష్ణలో కలపాలి. మైలవరం నుంచి వచ్చిన పిన్నిగారి కూతురు, "బయల్దేరుతున్నాం అక్కా" అని చెప్పడానికి మా గుమ్మంలోకి వచ్చింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి తలస్నానం చేసి ఉంది.

"నేనూ వస్తాను."

బంధువుల్లో ఒకావిడ, "చిన్నపిల్ల, అక్కడికెందుకండీ" అంది.

"రానివ్వండి. అమ్మ దీన్ని సొంత మనవరాలిలా చూసుకుంది" అంది పిన్నిగారి కూతురు.

వద్దనడానికి నాకు నోరు రాలేదు, సరే అనడానికి ధైర్యం రాలేదు. నది దగ్గరికి. నా బిడ్డ, ఇలాంటి రోజున. ఆటోలో దాని చున్నీ కొస నా వేలికి చుట్టుకుని కూర్చున్నాను.

ఘాటులో బాబాయిగారు మోకాళ్ల నొప్పితో మెట్లు దిగలేకపోయారు. మా అమ్మాయి నా వేలి నుంచి చున్నీ విడిపించుకుని, వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ దిగారు. నీళ్లు పాదాల దాకా, మోకాళ్ల దాకా వచ్చాయి. పురోహితుడు చెప్పినట్టు ఆయన కుండ నీళ్లలో వదిలారు. వదిలాక వెనక్కి తిరగలేదు. చెయ్యి చాచి అలాగే ఇంకో రెండు మెట్లు దిగారు. ఆయనతోపాటు నా కూతురూ దిగింది. నీళ్లు దాని నడుము దాకా వచ్చాయి. నేను అరవాలనుకున్నాను. మా ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నారు.

అది రెండు చేతులతో ఆయన్ను వెనక్కి లాగింది. ఆయనకు వినపడాలని ఘాటంతా మారుమోగేలా అరిచింది. "తాతయ్యా! అక్కడంతా పాచి! ఇటు రండి, నన్ను పట్టుకోండి!"

ఆయన పట్టుకున్నారు. ఇద్దరూ ఒక్కో మెట్టూ చూసుకుంటూ పైకి వస్తున్నారు. సగం మెట్లెక్కి అది తలెత్తి నా వైపు చూసింది. ముఖం నిండా నీళ్లు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. చిరాగ్గా అరిచింది.

"అమ్మా! అలా నిలబడ్డావేంటి? తాతయ్య చెప్పులు అక్కడ వదిలేశారు, ఎవరైనా వేసుకుపోతారు! చూడు!"

నేను చెప్పుల కోసం పరుగెత్తాను.