తబితా వేసిన ఆకులు

తబితాకి కుడి భుజం పట్టేసింది 2004లో, పెళ్లిళ్ల సీజన్‌లో. తగ్గుతుందిలే అనుకుంది గానీ తగ్గలేదు. అనకాపల్లి స్టేషన్‌ రోడ్డులో ఆమె భర్త బెన్‌హర్‌కి చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపు ఉండేది. చట్రానికి బిగించిన గుడ్డ మీద రంగు పోసి, రబ్బరు పలకతో బలంగా లాగాలి. ఆ లాగుడంతా తబితాదే. పొద్దస్తమానం అవే శుభలేఖలు, అవే చర్చి కరపత్రాలు.

పని లేని పూట మిగిలిన కాగితాల మీద తన బొమ్మలు అచ్చు వేసుకునేది. స్కేలు పెట్టి గీసిన గళ్లు, త్రికోణాలు. వాటి మధ్యలోంచి ఎవరి మాటా విననట్టు పాకిపోయే ఆకులూ తీగలూ. ఇదేం బొమ్మ అని ఎవరైనా అడిగితే ఆమెకి చెప్పడం వచ్చేది కాదు. పుట్టింది రాజయ్యపేటలో. ఒడ్డున ఆరేసిన వలకళ్లలో సముద్రపు నాచు ఇరుక్కుని ఎండిపోతుంటే చూస్తూ పెరిగింది. ఆ చూపే చేతిలోకి దిగిందేమో.

విజిటింగ్ కార్డుల కోసం వచ్చిన మోహిత్ అనే కుర్రాడు గోడకి ఆరేసిన ఆ బొమ్మలు చూసి ఆగిపోయాడు. విశాఖలో కొత్తగా కడుతున్న హోటల్‌కి లోపలి అలంకరణ అతనిదే. గదులన్నింటికీ ఇలాంటివే కావాలన్నాడు. తబితా ఆ వారమంతా నొప్పి మరిచిపోయి గీసింది.

తర్వాత హోటల్ వాళ్ల మార్పులు మొదలయ్యాయి. పచ్చ వద్దు, గోధుమ రంగు వెయ్యమన్నారు. వేసింది. ఆకులు తగ్గించమన్నారు. తగ్గించింది. చివరికి మోహిత్ బొమ్మని కంప్యూటర్లో సగానికి కోసి, ఆ సగాన్నే తిప్పి రెండోవైపు అతికించి తెచ్చాడు.

"ఇప్పుడు నీట్‌గా ఉంది కదా మేడమ్," అన్నాడు.

గళ్లు గళ్లలాగే ఉన్నాయి. ఆకు కూడా గడిలా అయిపోయింది. తబితా వాదించలేదు. అప్పటికే కాగితం కొనేశారు, ఆమెలో ఓపికా లేదు. ఒక్కో కాగితం మీద మూడు రంగులు లాగుతూ పోయింది. భుజం ఇక లేవకపోవడంతో చివరి రంగు బెన్‌హరే లాగాడు.

హోటల్ తెరిచాక ఇద్దరూ చూడ్డానికి వెళ్లారు. వరండాలో ఒక బొమ్మని తలకిందులుగా తగిలించారు. తబితా చెబుదామనుకుని, ఎందుకులే అని ముందుకి నడిచింది.

కొన్నాళ్లకి మోహిత్ ఇంకో హోటల్ పని ఉందని ఫోన్ చేశాడు. అలాగే, అదే పద్ధతిలో. బెన్‌హర్ మొహం వెలిగింది. తబితా పాత గుడ్డతో చేతికంటిన రంగు తుడుచుకుంటూ ఉంది.

"నా వల్ల కాదండి. లాగమంటే లాగుతాను గానీ, ఆ ఆకుని మళ్లీ కొయ్యలేను," అంది.

సాయంత్రం బెన్‌హరే మోహిత్‌కి ఫోన్ చేసి, కుదరదని చెప్పేశాడు. తబితా మీద కోపమైతే రాలేదు గానీ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ వేసవిలో కె. కోటపాడు నుంచి బుల్లమ్మ అనే చెరుకు రైతు తన మనవరాలి పెళ్లికి శుభలేఖలు వేయించడానికి వచ్చింది. పని అయ్యేదాకా బల్ల మీద కూర్చుని గోడకున్న తబితా పాత ఆకుల బొమ్మనే చూసింది. నిన్నటిదాకా కోత పనిలోనే ఉందట, ఒళ్లంతా పులిసిపోయి ఉంది.

"ఏటో తెల్దు గానమ్మా, అలా సూత్తంటే కళ్లు మూతలడిపోతన్నాయి. మా ఇంట్లో నాకో గదున్నాది, దీన్నిచ్చేత్తే అందులో ఎట్టుకుంటాను," అంది.

తన బొమ్మ చూస్తే నిద్రొస్తుందన్నందుకు తబితాకి చిన్నబుచ్చుకోవాలనిపించలేదు. బొమ్మ గోడమీంచి తీసి, చుట్టి, దారం కట్టి ఇచ్చింది. బస్సు టైమైందని బుల్లమ్మ శుభలేఖల కట్టనీ ఆ చుట్టనీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. తబితా బల్ల మీద ఆమె కూర్చున్న చోటే కాసేపు కూర్చుంది.